ఎగిరారా, లంఘించారా, తేలారా?

సందేహం: ఆంగ్ లీ తీసిన ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’ (2000) గురించి మా కాలేజీ పత్రికకి వ్యాసం రాశాను. “వెదురు తోపులో లి ము బాయ్, జెన్ గాలిలో ఎగురుతూ యుద్ధం చేస్తారు” అన్న నా వాక్యాన్ని మా మాస్టారు కొట్టేశారు. ఎగిరేది పక్షి, మనిషి లంఘిస్తాడు అన్నారు. యుద్ధం సైన్యాల మధ్య జరిగేదే అని కూడా అన్నారు. ఏది సరైనది? నటుల్ని తీగలకి వేలాడదీసి తీసే ‘వైర్ వర్క్’ని ‘తీగ పని’ అనవచ్చా?

సమాధానం: మీ వాక్యంలో భాషాదోషం లేదు. నేల విడిచి పైకి లేచే ఏ కదలికకైనా తెలుగులో ‘ఎగురు’ చెల్లుతుంది. పిల్లలు ఎగిరి గంతేస్తారు, గాడిద ఎగిరి తంతుంది, కోపం వచ్చినవాడు ఎగిరెగిరి పడతాడు. ‘ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట’ అనే సామెత చూడండి (‘ఎక్కలేనమ్మ’ అనేవాళ్ళూ ఉన్నారు). ఉట్టికి ఎగరడమంటే అందుకోవడానికి గెంతడం. స్వర్గానికి ఎగరడమంటే రెక్కలున్నట్టు పోవడం. ఒకే క్రియ రెండు అర్థాల్లో పక్కపక్కనే ఉంది, వినేవాళ్ళకి ఎక్కడా తికమక లేదు.

‘లంఘించడం’ మంచి మాటే. కాకపోతే అందులో దాటడం ముఖ్యం. హనుమంతుడిది సముద్ర లంఘనం, ఎందుకంటే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాటాడు. నియమాన్ని ఉల్లంఘించడం గీత దాటడమే. ‘లంఘనం పరమౌషధం’ అన్నప్పుడు దాటవేసేది భోజనాన్ని. అంటే ఆ క్రియకి దాటడానికి ఏదో ఒకటి ఉండాలి. ఈ సినిమా మొదట్లో ఖడ్గాన్ని దొంగిలించిన ముసుగు మనిషి రాత్రిపూట గోడల మీంచి, ఇళ్ళ కప్పుల మీంచి పారిపోతుంది కదా, అక్కడ ‘గోడలు లంఘిస్తూ’ అంటే చక్కగా కుదురుతుంది. అదే వెదురు తోపు ఘట్టం చివర లి ము బాయ్ కత్తిని నీటిలోకి విసిరేస్తే జెన్ దాని వెంట పడుతుంది. అక్కడ ‘దూకింది’ తప్ప మరో మాట పనికిరాదు.

ఇక తోపులో జరిగేది వేరు. లి ము బాయ్ వేషం వేసిన చౌ యున్-ఫాట్ సన్నని వెదురు కొన మీద కాలు ఆనించి నిలబడతాడు. వెదురు వంగితే దానితోపాటు కిందికి వస్తాడు, లేస్తే లేస్తాడు. జెన్ వేషం వేసిన జాంగ్ జీయీ ఇంకో కొన మీద వాలుతుంది, అది ఊగుతుంటే కత్తి పట్టుకుని నిలదొక్కుకుంటుంది. ఇక్కడ కొన మీద నిలబడితే ‘ఊగడం’, వచ్చి దిగితే ‘వాలడం’, రెండింటి మధ్య గాలిలో నెమ్మదిగా సాగితే ‘తేలడం’. ‘తేలిక’ అన్న మాట ఆ ‘తేలు’ నుంచి వచ్చిందే. వ్యాసం రాసేవాళ్ళు ముందు నటుడి పాదాలు ఎక్కడున్నాయో చూడాలి. క్రియ వాటిని బట్టి తేలుతుంది.

చింగ్ వంశం పాలించిన కాలంలో నడిచే ఈ కథలో మనుషులు నిజానికి పక్షుల్లా ఎగరరు. చైనా వాళ్ళ ‘వూష్యా’ కథల్లో, అంటే ధర్మం కోసం కత్తి పట్టే వీరుల కథల్లో, ఒళ్ళు తేలిక చేసుకునే విద్య ఒకటుంది. దాన్ని ‘చింగ్‌గుంగ్’ అంటారు. ‘చింగ్’ అంటే తేలిక, ‘గుంగ్’ అంటే సాధనతో వచ్చిన నేర్పు. మన ‘లాఘవం’ దీనికి సరిగ్గా సరిపోతుంది. లఘువు అంటే తేలికైనది, దాని భావం లాఘవం. అష్టసిద్ధుల్లోని ‘లఘిమ’ కూడా అదే. సంస్కృత వైయాకరణులు ‘లఘు’ శబ్దాన్ని ‘లంఘ్’ ధాతువు నుంచే సాధించారు కాబట్టి మీ మాస్టారి మాటకీ దీనికీ చుట్టరికం ఉంది!

ఆ లాఘవాన్ని తెర మీద చూపించడానికే తీగలు. చైనాలో జెజియాంగ్ ప్రాంతంలోని ఆంజీ వెదురు అడవిలో నటుల్ని క్రేన్ల నుంచి వేలాడదీసి ఈ ఘట్టం తీశారు, తీగల్ని తర్వాత కంప్యూటర్‌లో చెరిపేశారు. కాబట్టి తెర మీద ‘ఎగిరారు’, సెట్లో ‘ఎగరేశారు’. ప్రేరణార్థకం ఇంత కచ్చితంగా కుదిరే చోటు అరుదు. ఎగరేసినా నటుల కష్టం తక్కువేమీ కాదు. ఒంటి బరువంతా బట్టల లోపల బిగించిన పట్టీల మీద పడుతుంటే, మొహంలో టెన్షన్ కనబడకుండా, చేతులూ కాళ్ళూ బరువు లేనట్టు ఉంచాలి. జాంగ్ జీయీ బీజింగ్ డాన్స్ అకాడమీలో నాట్యం నేర్చుకున్న అమ్మాయి. ఆమె మడమ, వేళ్ళ కొనలు గమనిస్తే ఆ శిక్షణ కనిపిస్తుంది.

‘తీగ పని’ మాత్రం రాయకండి. తెలుగులో అది కరీంనగర్ వెండి తీగ పనిని గుర్తు చేస్తుంది. మన సినిమావాళ్ళు దీన్ని ‘రోప్’ అంటారు, ‘రోప్ షాట్’ అంటారు. అందరికీ తెలిసిన ఆ మాట ఉండగా కొత్తది కల్పించడం అనవసరం. వివరంగా చెప్పాలంటే ‘తీగలు కట్టి ఎగరేయడం’ అనండి. అలాగే ఫైట్స్ కంపోజ్ చేయడాన్ని ‘పోరాటాల కూర్పు’ అనాలని కొందరికి ఉంటుంది. మన టైటిల్స్‌లో ‘కూర్పు’ అంటే ఎడిటింగ్ అని ఏనాడో స్థిరపడింది, కాబట్టి అదీ కుదరదు. ఈ సినిమాకి యుయెన్ వూ-పింగ్ ‘ఫైట్స్ కంపోజ్ చేశారు’ అంటే చాలు.

‘యుద్ధం’ సైన్యాలకే పరిమితం కాదు. గదాయుద్ధం, మల్లయుద్ధం, మన జానపద సినిమాల కత్తియుద్ధం, అన్నీ ఇద్దరి మధ్య జరిగేవే. కానీ ఈ సినిమాలోని ఫైట్లన్నిటికీ ఆ ఒక్క మాటే వాడితే దర్శకుడు చూపించిన తేడాలు పోతాయి. మగవేషంలో ఉన్న జెన్ భోజనశాలలో గుంపుని చితకబాదేది కొట్లాట. సాధనశాలలో యు షు లియెన్ వేషం వేసిన మిషెల్ యోతో ఆమెకి జరిగేది ద్వంద్వయుద్ధం. అక్కడ చాలావరకు ఇద్దరి కాళ్ళూ నేల మీదే ఉంటాయి. మిషెల్ యో ఒకదాని తర్వాత ఒకటి ఆయుధాలు మారుస్తుంది, జెన్ చేతిలోని ఖడ్గం వాటిని నరుకుతూ పోతుంది. మధ్యలో మిషెల్ యో ఒక భారీ ఆయుధాన్ని ఎత్తబోయి, ఆ బరువు ఆపలేక వదిలేస్తుంది. లాఘవం చూపించే సినిమాలో ఇనుము బరువు తెలిసే క్షణం అది. నాకు వెదురు తోపు కంటే ఇదే ఎక్కువ నచ్చుతుంది.

తోపులో లి ము బాయ్‌కి జెన్‌ని చంపాలని లేదు, శిష్యురాలిగా తీసుకోవాలని ఉంది. అందుకని అక్కడ ‘యుద్ధం’ కంటే ‘తలపడడం’ నయం. నేనైతే ఇలా రాస్తాను: “వెదురు కొనల మీద ఊగుతూ, ఒక కొన నుంచి ఇంకో కొనకి లాఘవంగా ఎగురుతూ లి ము బాయ్, జెన్ తలపడతారు.” ‘ఎగురుతూ’ మీదే, ఉంచేశాను.