వీఎంవేర్ వదిలేసి ప్రాక్స్‌మాక్స్‌కి మారొచ్చా?

ప్రశ్న: సార్, మాది గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ. ఆఫీసులో ఒకే సర్వర్ మీద వీఎంవేర్‌లో (ఒక కంప్యూటర్‌నే చాలా కంప్యూటర్లలా వాడుకోనిచ్చే సాఫ్ట్‌వేర్) మూడు వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లు, నడుస్తున్నాయి, అకౌంట్లు ఒకదాంట్లో, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క ఇంకోదాంట్లో. లైసెన్సు ఖర్చు తలుచుకుంటేనే టెన్షన్. అదే పని చేసే ప్రాక్స్‌మాక్స్ కొత్త వెర్షన్లకి మారడం చాలా తేలికట, నిజమేనా?

జవాబు: చాలావరకు నిజమే. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ అనే కంపెనీ వీఎంవేర్‌ని కొన్నాక, ఒకసారి కొంటే ఎప్పటికీ వాడుకునే లైసెన్సుల అమ్మకం ఆపేసి సబ్‌స్క్రిప్షన్ పెట్టారు, అప్పటినుంచి అందరిదీ ఇదే గోల. ప్రాక్స్‌మాక్స్ 8.2లో, అంటే 2024 ఏప్రిల్‌లో, పాత మెషీన్లని ఇవతలికి తెచ్చుకోవడానికి దారి చూపే ఇంపోర్ట్ విజార్డ్ వచ్చింది. మీ ఈఎస్‌ఎక్స్‌ఐ (సర్వర్ మీద నడిచే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) సర్వర్ అడ్రసు, పాస్‌వర్డ్ ఇస్తే అందులోని మెషీన్లన్నీ కనిపిస్తాయి, కావలసినదాన్ని ఎంచుకుని ఇవతలికి లాక్కోవడమే. 2025 ఆగస్టులో వచ్చిన 9.0లో ఏ మెషీన్ ఏ నోడ్ (గుంపులోని ఒక్కో సర్వర్) మీద ఉండాలో చెప్పే రూల్స్ లాంటివి కలిపారు, బాగున్నాయి గానీ ఒక్క సర్వర్ ఉన్న మీకు వాటితో పనేముంది?

అసలు చిక్కు ఆ ఒక్క సర్వర్‌తోనే. దాన్నే ఫార్మాట్ చేసి ప్రాక్స్‌మాక్స్ ఎక్కిస్తే ఇక ఇంపోర్ట్ ఎక్కడి నుంచి చేస్తారు? కొన్నాళ్లకైనా ఇంకో మెషీన్ అరువు తెచ్చుకోండి. పాత స్నాప్‌షాట్లు (మెషీన్ ఒకప్పటి స్థితిని దాచిపెట్టిన కాపీలు) ఉంటే కాపీ బాగా నెమ్మదిస్తుంది, ముందే తీసేయండి. విండోస్ మెషీన్లలో వీఎంవేర్ టూల్స్ (వీఎంవేర్ కోసం లోపల వేసిన సహాయక సాఫ్ట్‌వేర్) తీసేసి, ప్రాక్స్‌మాక్స్‌లో డిస్కు, నెట్‌వర్క్ పనిచేయడానికి వాడే వర్ట్‌ఐఓ డ్రైవర్లు వేయండి, ఐపీ అడ్రసులు కాగితం మీద రాసిపెట్టుకోండి, ఎందుకంటే నెట్‌వర్క్ కార్డు మారగానే ఆ సెట్టింగులు పోతాయి. సాఫ్ట్‌వేర్ ఉచితమే, సపోర్టు కావాలంటేనే డబ్బు. యార్డుకి సరుకు పోటెత్తే రోజుల్లో మాత్రం దీని జోలికి పోకండి.