డాక్టర్ సలహా: కాళ్లు నిలవనీయడం లేదని బీపీ మాత్రలు ఆపవచ్చా?

ప్రశ్న: నా వయసు 58. చాలా ఏళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నాను. ఆరు నెలల కిందట దానికి ఆమ్లోడిపిన్ కూడా కలిపారు. రెండూ రాత్రి భోజనం తర్వాత వేసుకుంటాను. పడుకోగానే పిక్కల లోపల ఏదో పాకుతున్నట్లు, గుంజుతున్నట్లు ఉంటుంది. లేచి తిరిగితేనే ఊరట. రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అని చెప్పి న్యూరాలజిస్టు ప్రమిపెక్సోల్ ఇచ్చారు. ఇప్పుడు రాత్రి మంచం దిగగానే కళ్లు తిరుగుతున్నాయి. మందుల షాపులో అడిగితే ప్రోక్లోర్‌పెరజిన్ ఇచ్చారు. అది వేసుకున్న రాత్రి కాళ్ల బాధ మరీ ఎక్కువైంది. కొన్నాళ్లు బీపీ మాత్రలు ఆపి చూడవచ్చా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: బీపీ మాత్రలను మీ అంతట మీరు ఆపవద్దు. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, మార్చవలసినవి ముఖ్యంగా మాత్రలు వేసుకునే వేళలు, షాపులో ఇచ్చిన ఆ మాత్ర.

ముందుగా ఆ మాత్ర సంగతి. మెదడులో డోపమైన్ అనే రసాయనం చేసే పనిని ప్రమిపెక్సోల్ అనుకరిస్తుంది. ప్రోక్లోర్‌పెరజిన్ అదే పనిని అడ్డుకుంటుంది. ఒకదాని ప్రభావాన్ని మరొకటి తుడిచేసినట్లవుతుంది కాబట్టి ఆ రాత్రి బాధ పెరగడంలో ఆశ్చర్యం లేదు. దాన్ని ఇక వేసుకోకండి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, గ్యాస్ క్యాప్సూళ్లలో కలిపే లెవోసల్పిరైడ్, జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, నిద్ర కోసమో నొప్పుల కోసమో రాసే అమిట్రిప్టిలిన్ కూడా ఈ జబ్బును పెంచగలవు. ఇందులో ఏదైనా మరో డాక్టరు రాసి ఉంటే వారిని అడిగిన తర్వాతే మానాలి.

ఇక కళ్లు తిరగడం. ప్రమిపెక్సోల్ నిలబడినప్పుడు బీపీని పడిపోయేలా చేయగలదు. మీరు రెండు బీపీ మాత్రలనూ దాదాపు అదే వేళకు వేసుకుంటున్నారు. పైగా కాళ్లు నిలవనీయక చీకట్లో హఠాత్తుగా లేస్తున్నారు. ఈ వయసులో ఒక్కసారి జారిపడి తుంటి ఎముక విరిగితే ఎంత కష్టమో ఊహించగలరు కదా, అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఇంట్లో ఒకరిని పక్కన ఉంచుకుని, అయిదు నిమిషాలు పడుకున్నాక బీపీ చూసుకోండి. తర్వాత నిలబడి ఒకటో నిమిషంలోనూ మూడో నిమిషంలోనూ మళ్లీ చూసి రాసిపెట్టండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ తగ్గితే ఆ కాగితాన్ని వెంటనే మీ డాక్టరుకు చూపించండి. బీపీ మాత్రలను ఉదయానికి మార్చవచ్చేమో కూడా అడగండి. బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా రోగులపై జరిపి 2022లో ప్రచురించిన టైమ్ అధ్యయనంలో, ఉదయం వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం ముప్పులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంతవరకు రాత్రి లేవగానే నడవకుండా, లైటు వేసుకుని, మంచం అంచున కూర్చుని పాదాలను పైకీ కిందికీ ఆడించండి. కాళ్లకు కొంత ఊరట దొరుకుతుంది, నిలబడే ముందు రక్తమూ పైకి చేరుతుంది.

టెల్మిసార్టాన్ వల్ల ఈ జబ్బు వస్తుందని చెప్పలేము. ఆమ్లోడిపిన్ వల్ల మాత్రం చీలమండల దగ్గర వాపు, బరువు రావచ్చు. వేలితో కొన్ని క్షణాలు నొక్కితే గుంట పడి, నడిచినా తగ్గకపోతే అది వాపు బాధే. ఈ వాపు బాధనూ, కాళ్లు నిలవనీయని జబ్బునూ ఒకటిగా భావించి మందు పెంచితే ప్రయోజనం ఉండదు. నిద్ర చెడితే బీపీ కూడా పెరుగుతుంది కాబట్టి, రెండో మాత్ర అవసరం కావడంలో కాళ్ల జబ్బుకూ కొంత పాత్ర ఉండవచ్చు. అయితే ముందు నిద్ర కుదుటపడాలి, మాత్ర తగ్గించే ఆలోచన ఆ తర్వాతే.

మీ ఉత్తరంలో ఇనుము పరీక్ష ప్రస్తావనే లేదు. హిమోగ్లోబిన్ బాగున్నా శరీరంలో ఇనుము నిల్వలు తక్కువగా ఉండవచ్చు. ఉదయం పరగడుపున ఫెరిటిన్ (ఇనుము నిల్వలను తెలిపేది), ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (రక్తంలో ఇనుము ఎంత అందుబాటులో ఉందో తెలిపేది) పరీక్షలు చేయించుకోండి. ఈ జబ్బు ఉన్నవారిలో ఫెరిటిన్ 75 లేదా అంతకంటే తక్కువగా ఉంటే సాధారణంగా ఇనుము ఇస్తారు. పరీక్ష లేకుండా ఇనుము మాత్రలు మొదలుపెట్టవద్దు. నెలసరి ఆగిపోయిన స్త్రీలో ఇనుము లోపం బయటపడితే, కడుపులోనో పేగుల్లోనో రక్తస్రావం ఉందేమో కూడా చూడాలి.

ప్రమిపెక్సోల్‌ను కొన్నేళ్లు వాడాక కొందరిలో బాధ సాయంత్రానికి బదులు మధ్యాహ్నమే మొదలై చేతులకూ పాకుతుంది. అప్పుడు మోతాదు పెంచడం పరిష్కారం కాదు. అందుకే ఇప్పుడు గాబాపెంటిన్, ప్రిగాబాలిన్ వంటి వాటికి మొగ్గు చూపుతున్నారు. కానీ వాటి వల్ల కూడా మత్తు, కాళ్ల వాపు రావచ్చు. ఆమ్లోడిపిన్‌తో కలిస్తే వాపు ఇంకా పెరగవచ్చు, కిడ్నీల పనితీరును బట్టి మోతాదు మార్చాలి. ప్రమిపెక్సోల్‌ను కూడా ఒక్కసారిగా మానకూడదు.

స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఒక్క కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.