ఎంత ఎత్తుంది? ఎంత ఎత్తుందో!

"ఇంగ్లిష్‌లో ఎక్స్‌క్లమేటరీ (ఆశ్చర్యాన్ని చెప్పే) వాక్యంలో వాట్ ఎప్పుడు, హౌ ఎప్పుడు? ఈజ్ ఎక్కడ పెట్టాలి?" అని ఒకరు అడిగారు. ఆ ఈజ్ దగ్గరే నేను టెన్త్‌లో బోల్తా పడ్డాను.

మాది హనుమకొండ. మా క్లాసును పాలంపేటలో రామప్ప గుడికి తీసుకెళ్లి వచ్చాక, సార్ "ఇట్ ఈజ్ ఎ వెరీ ఓల్డ్ టెంపుల్" అన్న వాక్యాన్ని ఎక్స్‌క్లమేటరీలోకి మార్చమన్నారు. 1213లో కట్టిన గుడి కదా, ఓల్డే మరి. నేను "వాట్ ఎ వెరీ ఓల్డ్ టెంపుల్ ఈజ్ ఇట్!" అని రాసి ఎర్ర ఇంకు తిన్నాను. వెరీ చేసే పని వాట్ చేసేస్తుంది కాబట్టి దాన్ని తీసేయాలట. అది పోతే ఓల్డ్ ముందుకొస్తుంది, అప్పుడు "ఎ" కాస్తా "యాన్" అవుతుంది. ఇక ఈజ్ ఇట్ అనేది ప్రశ్న వరస. సరైనది "వాట్ యాన్ ఓల్డ్ టెంపుల్ ఇట్ ఈజ్!"

ఈ వరస సంగతి నా బుర్రకెక్కింది తెలుగు వల్లే. "గోపురం ఎంత ఎత్తుంది?" అంటే ప్రశ్న. "ఎంత ఎత్తుందో!" అంటే ఆశ్చర్యం. మనకు ఆ చివరి "ఓ" చేసే పనిని ఇంగ్లిష్‌లో పదాల వరస చేస్తుంది: "హౌ టాల్ ఈజ్ ఇట్?", "హౌ టాల్ ఇట్ ఈజ్!" అంతే తేడా.

వాట్, హౌ తేడాను సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర మా చెల్లె బిడ్డకు ఇట్లా చెప్పాను. "ఎంత పెద్ద బతుకమ్మో!" అన్నప్పుడు పెద్ద పక్కనే నౌన్ ఉంది, కాబట్టి వాట్: "వాట్ ఎ బిగ్ బతుకమ్మ ఇట్ ఈజ్!" అదే "ఈ బతుకమ్మ ఎంత పెద్దగా ఉందో!" అంటే ఎంత వెంట ఉన్నది గుణం ఒక్కటే, కాబట్టి హౌ: "హౌ బిగ్ దిస్ బతుకమ్మ ఈజ్!" "ఎంత చక్కగా పాడుతున్నారో!" కూడా హౌ కిందికే వస్తుంది: "హౌ స్వీట్‌లీ దే ఆర్ సింగింగ్!"

ఒకటి కంటే ఎక్కువున్నా, లెక్కపెట్టలేనిదైనా "ఎ" రాదు: "వాట్ లవ్లీ ఫ్లవర్స్!", "వాట్ కోల్డ్ వాటర్!" "వాట్ ఎ పిటీ!" లాంటివి మాత్రం అలాగే గుర్తుపెట్టుకోవడమే, వేరే దారి లేదు.

అంతా విని మా కోడలు చుట్టూ జనాన్ని చూసి, "అయితే 'వాట్ ఎ క్రౌడ్!' అంటే సరిపోతదా మామా?" అంది. మాట్లాడేటప్పుడు సరిపోతుంది, చివరి "ఇట్ ఈజ్" చాలామంది అనరు కూడా. పరీక్షలో మాత్రం పూర్తిగా రాసి, ఫుల్‌స్టాప్ తీసేసి ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టమన్నాను.