గొడవలన్నీ ఆమెకే ఎందుకు గుర్తుంటాయి?

పెళ్లయిన కొత్తలో జరిగిన గొడవల్ని కూడా మీ ఆవిడ పొల్లు పోకుండా చెప్తుందని, మీకు ఒక్క ముక్కా గుర్తుండదని, ఇది అటాచ్‌మెంట్ స్టైల్ (దగ్గరివాళ్లతో మనం ముడిపడే తీరు) వల్లేనా అని అడిగారు. చాలావరకు అవుననే నా అనుభవం. నాదీ మీ బాపతే.

ఎంత దగ్గరివాళ్లతోనైనా మనసు విప్పి మాట్లాడాలంటే వెనక్కి తగ్గే మనలాంటి వాళ్లది అవాయిడెంట్ స్టైల్ అంటారు. మీరు మరిచిపోతున్నానని అనుకుంటున్నారు గానీ, చాలాసార్లు ఆ మాటలు అసలు లోపలికే వెళ్లవు. 2000లో మనస్తత్వ పరిశోధకుడు క్రిస్ ఫ్రేలీ, ఆయన సహచరులు ఆప్తులను పోగొట్టుకోవడం గురించిన ఒక ఇంటర్వ్యూ వినిపించి, తర్వాత ఎవరికెంత గుర్తుందో చూశారు. అవాయిడెంట్ లక్షణాలు ఎక్కువున్నవాళ్లు మొదట్లోనే తక్కువ పట్టుకున్నారు. ఆ పట్టుకున్నదాన్ని మరిచిపోయే వేగం మాత్రం అందరితో సమానమే.

నా సంగతే చూడండి. ఒకరోజు మా ఆవిడ ఏడుస్తూ ఏదో చెప్తోంది. ఏం చెప్పిందంటే ఇప్పటికీ చెప్పలేను. అప్పుడు నేను చార్జర్ వైరు చుడుతున్నానని, వదులుగా వచ్చిందని విప్పి మళ్లీ చుట్టానని మాత్రం బ్రహ్మాండంగా గుర్తుంది!

చిన్ననాటి విషయాలూ అంతే. అమ్మతో మీ అనుబంధాన్ని ఐదు మాటల్లో చెప్పండి అంది కౌన్సెలర్. ప్రేమ, ఓపిక అంటూ టకటకా చెప్పేశాను. "ఓపిక అన్నారుగా, ఒక సంఘటన చెప్పండి" అనేసరికి నోట మాట రాలేదు. పెద్దవాళ్ల అటాచ్‌మెంట్ తీరు తెలుసుకోవడానికి 1980లలో మనస్తత్వ పరిశోధకురాలు మేరీ మెయిన్ బృందం తయారుచేసిన ఇంటర్వ్యూలో ఉండే ప్రశ్నే ఇది. పొగడ్త ఘనంగా ఉండి, దానికి తగ్గ సంఘటన దొరక్కపోవడం మన బాపతులో మామూలేనట. (మా అమ్మ నిజంగానే మంచిది, అది వేరే సంగతి.)

అలాగని మీ ఆవిడ చెప్పేదంతా రికార్డింగ్ అనుకోకండి. ఆమెది యాంక్షియస్ స్టైల్ అయితే, అంటే దగ్గరివాళ్లు ఎక్కడ దూరమవుతారోనని బెంగపడే తీరైతే, చేదు జ్ఞాపకాలు చటుక్కున పైకొస్తాయి, ఒకటి తలుచుకుంటే దాని వెనకే పాత బాధలన్నీ తోసుకొస్తాయి. మికులిన్సర్, ఓర్బాక్ అనే మనస్తత్వ పరిశోధకులు 1995లో చేసిన పరిశోధనలోనూ ఇదే కనిపించింది. కాబట్టి ఎవరిది కరెక్ట్ అన్న పంచాయితీ పెట్టుకుంటే తేలదు.

మాకు పనికొచ్చింది ఒకటే. గొడవ చల్లారాక, ఆ రాత్రే, ఆమె ఏమందో నా మాటల్లో తిరిగి చెప్తాను. తప్పుంటే ఆమె సరిదిద్దుతుంది. నెల తర్వాత కూర్చుంటే లాభం లేదు, అప్పటికి నా దగ్గర గుర్తు చేసుకోవడానికి ఏమీ ఉండదు.

ఒకవేళ గొడవలే కాకుండా రోజువారీ పనులు, తెలిసినవాళ్ల పేర్లు కూడా మరిచిపోతుంటే దాన్ని స్టైల్ ఖాతాలో వేయకండి. డాక్టరుకు చూపించుకోండి.