గర్భసంచి తీశాక ఈ ఆవిర్లేంటి?

ప్రశ్న: నా వయసు 39. బ్లీడింగ్ ఎక్కువవుతోందని మూడేళ్ల కిందట గర్భసంచి తీసేశారు. నెల తిరక్కముందే ఒంట్లో ఆవిర్లు మొదలయ్యాయి. రాత్రిళ్లు చెమటతో జాకెట్ తడిసిపోయి మెలకువ వస్తుంది, మళ్లీ నిద్ర పట్టదు. కీళ్ల నొప్పులు, ఊరికే కోపం. కలయిక సమయంలో మంట. హార్మోన్ మందులు వాడితే క్యాన్సర్ వస్తుందని మా వదిన అంటోంది. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: ముందు ఆపరేషన్ నాటి డిశ్చార్జి కాగితం వెతకండి. అందులో ‘బైలేటరల్ సాల్పింగో ఊఫరెక్టమీ’ అనో, ‘బీఎస్ఓ’ అనో ఉంటే గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారని అర్థం. చాలామందికి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పరు. చెప్పినా ఆ కంగారులో తలకెక్కదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భసంచి తీయించుకున్న మహిళలు దేశం మొత్తమ్మీద 3 శాతం చిల్లర ఉంటే, రెండు తెలుగు రాష్ట్రాల్లో 8 శాతం పైనే. కాబట్టి మీలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు.

ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోను ప్రధానంగా తయారయ్యేది అండాశయాల్లోనే. మన దగ్గర సాధారణంగా 46-47 ఏళ్లకు మెల్లగా తగ్గాల్సిన ఆ హార్మోను, అవి తీసేస్తే ఒక్కసారిగా పడిపోతుంది. ఆవిర్లు ఇంత తీవ్రంగా ఉండేది అందుకే. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి ముందే పని మానేస్తాయి. అండాశయాలను పనిచేయించే హార్మోనును కొలిచే ఎఫ్ఎస్‌హెచ్ రక్తపరీక్షతో అది తెలుస్తుంది.

మీ వదిన భయానికీ ఓ కారణముంది. 2002లో అమెరికాలోని ‘ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్’ అధ్యయనంలో రొమ్ము క్యాన్సర్ ముప్పు కొంత పెరిగినట్టు తేలింది. అయితే అది గర్భసంచి ఉన్నవారికిచ్చే రెండు హార్మోన్ల మందుతో. పైగా వాళ్ల సగటు వయసు 63. గర్భసంచి తీసేశాక ఈస్ట్రోజన్ ఒక్కటే వాడినవారిలో ఆ ముప్పు పెరగలేదు. మీకు సరిపోయేదీ అదే. నిజానికి ఈ వయసులో వాడకపోతేనే ఎముకలకు, గుండెకు చేటు. అందుకే దాదాపు 50 ఏళ్ల దాకా వాడమంటాం. చర్మానికి రాసుకునే జెల్ రూపంలోనూ దొరుకుతుంది. రొమ్ము క్యాన్సర్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, కాలేయ జబ్బు ఎప్పుడైనా వచ్చి ఉంటే మాత్రం డాక్టరుకు తప్పక చెప్పాలి. మెడికల్ షాపులో అడిగి సొంతంగా కొనుక్కోవద్దు.

మంటకు కారణం యోని పొడిబారడం. దానికి విడిగా ఈస్ట్రోజన్ క్రీమ్ ఉంది. నాకు రాసినంత సూటిగానే మీ గైనకాలజిస్టుకూ చెప్పండి.

రోజూ రెండు గ్లాసుల పాలు లేదా పెరుగు, రాగి జావ, పొట్టుతో ఉన్న నువ్వులు తీసుకోండి. ఒకసారి డెక్సా స్కాన్‌తో ఎముకల గట్టిదనం, రక్తపరీక్షతో విటమిన్-డి చూపించుకోండి. డాక్టరు దగ్గరికెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం మర్చిపోవద్దు. పోగొట్టుకుంటే ఆపరేషన్ చేసిన ఆస్పత్రిలోనే నకలు అడగండి. అది అడిగే హక్కు మీకుంది.