మాఫియా ద్వీపానికి వెళ్తున్న మా అమ్మాయికి

చిట్టితల్లీ,

జనవరిలో మాఫియా ద్వీపానికి వెళ్తున్నావని, అదీ ఒక్కదానివేనని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పేరు వినే సగం హడలిపోయింది పాపం. అది టాంజానియాలో జాలర్ల ద్వీపమనీ, దొంగల ముఠాలతో సంబంధం లేదనీ నచ్చజెప్పాను. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దార్ ఎస్ సలామ్‌లో మేం కాపురమున్న రోజుల్లో చూసిన చోట్లన్నిటిలో నాకు అదే ఇష్టం. మనింటి నుంచి ఇంకొకరు అక్కడికి వెళ్తారని కలలో కూడా అనుకోలేదు.

జనవరి మంచి కాలమే. పెద్ద వానలు మార్చి నుంచి మే దాకా. ఆ నెలలో అయితే ద్వీపంలోని పెద్ద ఊరు కిలిండోని ఒడ్డు దగ్గర వేల్ షార్క్‌లు కూడా కనిపిస్తాయి. నీళ్ళలో దిగి చూడు, ముట్టుకోకు. మలేరియా మాత్రలు, ఎల్లో ఫీవర్ టీకా సంగతి డాక్టరుని అడుగు. అక్కడి డబ్బు, షిల్లింగులు, దార్‌లోనే తీసుకో. ఎదుటి ఒడ్డునున్న న్యామిసాటి రేవు నుంచి పడవల్లో చవగ్గా వెళ్ళొచ్చు. నువ్వు మాత్రం దార్ నుంచి చిన్న విమానంలోనే వెళ్ళాలి. డబ్బు తక్కువైతే నేనిస్తాను, మీ అమ్మకి చెప్పక్కర్లేదు.

ఇక అసలు సంగతి, పోటూ పాటూ.

మన బందరులోనూ ఉన్నాయి కానీ ఇంత తేడా ఉండదు. అక్కడ అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీరు మూడు మీటర్లకు పైగా లేచి దిగుతుంది. ఉదయం పది, పదిన్నర ప్రాంతంలో నీరు బాగా తీసేస్తే ఇసుక, పగడపు రాళ్ళు చాలా దూరం వరకూ బయటపడతాయి. ఊళ్ళో ఆడవాళ్ళు కర్రలు పట్టుకుని ఆక్టోపస్‌ల కోసం బయల్దేరతారు.

మేం ఆ దేశం వెళ్ళిన కొత్తల్లో మీ పెదనాన్న కెమెరా తగిలించుకుని వాళ్ళ వెనకే నడిచారు. అయిదు గంటలకల్లా ఒడ్డుకి వచ్చేయమని పడవ కుర్రాడు ఇంగ్లీషులో చెప్పాడు. సాయంత్రం అయిదు కదా అని ఈయన ధీమా. అక్కడి స్వాహిలీ భాషవాళ్ళు పొద్దు పొడిచిన దగ్గర్నుంచి గంటలు లెక్కపెడతారు, మన పెద్దలు ఘడియలు లెక్కపెట్టినట్టు. మన ఏడు వాళ్ళకి ఒకటి. వాళ్ళ అయిదంటే మన పదకొండు. ఆడవాళ్ళు బుట్టలెత్తుకుని తిరిగొస్తూ కేకేశారు. ఈయన నవ్వుతూ చెయ్యూపారు. పోటు ఎదురుగా కెరటంలా రాదు తల్లీ. ముందు మన వెనకున్న పల్లాల్లో చప్పుడు లేకుండా నిండుతుంది. ఆయన నిలబడ్డ ఇసుక దిబ్బ పొడిగానే ఉంది. ఒడ్డుకీ ఆయనకీ మధ్య మాత్రం నడుము లోతు, కాసేపటికి గొంతు లోతు. ఆయనకి ఈత రాదు. ఒడ్డున నేను తెలుగులోనే అరుస్తున్నాను. చివరికి ఓ ముసలాయన రెండు పక్కలా కొయ్యలు కట్టిన చిన్న పడవ వేసుకెళ్ళి ఎక్కించుకొచ్చాడు. డబ్బివ్వబోతే తీసుకోలేదు, నమాజుకి టైమవుతోందని వెళ్ళిపోయాడు.

మీ పెదనాన్న పోయి ఇన్నేళ్ళయినా ఆ నీళ్ళు నా కలల్లోకి వస్తూనే ఉన్నాయి. ఎవరు ఏ టైము చెప్పినా ‘మీ లెక్కా, ఇంగ్లీషు లెక్కా’ అని అడుగు. ఊరి మనిషి తోడు లేకుండా ఆ ఇసుకలోకి దిగొద్దు. ఆడవాళ్ళు వెనక్కి తిరిగితే నువ్వూ తిరుగు. ‘ఇంకొక్క ఫొటో’ అన్నావంటే ఊరుకోను. ఆ పిచ్చి నీకు ఎవరి నుంచి వచ్చిందో నాకు తెలుసు, అందుకే ఇంత కోప్పడుతున్నాను. కాళ్ళకి గట్టి చెప్పులుండాలి, రాళ్ళలో ముళ్ళ బంతుల్లాంటి సముద్రపు జీవులుంటాయి.

1995 నుంచి ఆ ద్వీపంలో, చుట్టూ ఉన్న సముద్రంలో కొంత భాగం మెరైన్ పార్కు, అంటే సముద్ర జీవుల రక్షిత ప్రాంతం. ఊటెండె అనే ఊరి దారిలో కట్టిన రుసుము రసీదు దాచుకో. చోలే దీవిలో పగలు చెట్ల నిండా పెద్ద గబ్బిలాలు వేలాడుతుంటాయి. చెక్క పడవలు కట్టేవాళ్ళ దగ్గర ఓ పూట కూర్చో, అడిగితే ఓపిగ్గా చూపిస్తారు. జువానీ అనే ఇంకో దీవిలో కువా అనే పాత ఊరి శిథిలాలున్నాయి. అక్కడికి పడవ ఎప్పుడు వెళ్ళాలన్నదీ పోటే నిర్ణయిస్తుంది. ఊళ్ళలో భుజాలు, మోకాళ్ళు కప్పుకో. ఓ కంగా గుడ్డ కొనుక్కుంటే సరిపోతుంది. పెద్దవాళ్ళు ఎదురైతే ముందు నువ్వే ‘షికమో’ అను, అది చిన్నవాళ్ళు పెట్టాల్సిన దణ్ణం. అడక్కుండా ఎవరి ఫొటో తియ్యకు.

టికెట్ తీసుకోగానే తారీఖులు పంపించు. తిథులు చూసి ఏయే రోజులు జాగ్రత్తగా ఉండాలో రాసి పంపుతాను. అక్కడున్నన్నాళ్ళూ రాత్రి పడుకునే ముందు నాకొక్క మెసేజ్ పెట్టు.

మీ పెద్దమ్మ