మనుషుల కన్నా ముందు ఆ తలుపు చూడండి

ప్రశ్న: మా జేజి పోయాక ఆమె ట్రంకు పెట్టెలో, పాత పంచాంగాల కింద ఒక ఫోటో దొరికింది. అట్టకు అతికించిన నలుపు తెలుపు ఫోటో. ఒక మిద్దె ముందు 19 మంది ఉన్నారు. ఐదుగురు కుర్చీల్లో, ఎనిమిది మంది వెనక నిలబడి, ఆరుగురు పిల్లలు కింద చాప మీద. వెనకవైపు ఊదా రంగు స్టాంపు సగం చెరిగిపోయింది, 'కర్నూలు' అన్న ఒక్క మాటే కనపడుతోంది. మా ఊరు శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోయింది, నేను పుట్టింది ఆ తర్వాత. జేజినాయనకు ముందువాళ్ల పేర్లు ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియవు. మా పెద్దనాయనకు ఎనభై దాటాయి. ఫోన్లో చూపిస్తే 'ఎవరో ఏమో తల్లీ, కండ్లు కనపడవు' అన్నాడు. పాత ఇంటి నుంచి బండి మీద తెచ్చిన తలుపు ఒకటి ఆయన ఇంటికి ఇప్పటికీ ఉంది, అంతకు మించి మా దగ్గర ఏ గుర్తూ లేదు. ఊరే లేనప్పుడు ఎక్కడికి వెళ్లి అడగాలి?
— ఒక పాఠకురాలు, నందికొట్కూరు

జవాబు: అమ్మా, కావాల్సిన ఆధారం మీరే రాసి, అదేమంత పెద్ద విషయం కాదన్నట్టు దాటేశారు. ఆ తలుపే మీ ఆధారం. ముంపు ఊళ్ల వాళ్లు చాలామంది ఇళ్లు విప్పుకుని దూలాలు, తలుపులు, గడపలు వెంట తెచ్చుకున్నారు. ఫోటోలో కుర్చీల వెనక తలుపు కనపడుతుంటే దాన్ని మీ పెద్దనాయన ఇంటి తలుపుతో పోల్చి చూడండి. ద్వారబంధం మీద చెక్కిన పువ్వు, ఇనుప గుబ్బలు ఎన్ని వరుసలు ఉన్నాయి, గొళ్లెం ఏ పక్క ఉంది, ఇవి మనుషుల ముఖాల్లాగా వయసుతో మారవు. కలిసిందా, అది మీ ఇంటి ముందు దిగిన ఫోటోనే. కలవకపోతే అది చుట్టాల ఇల్లో, కరణంగారి ఇల్లో, బడో అయివుండొచ్చు, అప్పుడు అందులో ఉన్న 19 మందీ మీవాళ్లే అనుకోకూడదు. ఊళ్లోకి ఫోటోగ్రాఫర్ రావడమే అరుదైన రోజుల్లో మునసబు, పంతులు, ఊరి పెద్దలు, చివరన కర్ర పట్టుకుని తలారి, అందరూ ఒకే ఫోటోలో నిలబడేవారు.

ఇక పెద్దనాయన దగ్గరికి ఫోన్ తీసుకెళ్లొద్దు. ఫోన్లో వేలితో పెద్దది చేస్తే ఒక ముఖం వస్తుంది, పక్కనున్నవాళ్లు పోతారు, పెద్దవాళ్లకు ఆ పక్కనున్నవాళ్లే గుర్తు. ఫోటోను బాగా స్కాన్ చేయించి ఏ3 సైజు కాగితం మీద ప్రింటు తీయించి, పగటి వెలుగులో, అరుగు మీద కూర్చోబెట్టి చూపించండి. 'ఈయన ఎవరు, ఈమె ఎవరు' అని పరీక్షలా అడగొద్దు. నేను ఆ తప్పు చేశాను. మా అమ్మమ్మ చెల్లెలికి ఒక పెళ్లి ఫోటో చూపించి ఒక్కో ముఖం మీద వేలు పెట్టి అడిగితే అన్నింటికీ తెలియదు అంది. లేచి వచ్చేస్తూ, ఆ రోజు నువ్వు ఎక్కడ నిలబడ్డావు అని అడిగాను. ఆమె వేలు ఫోటో మీద పెట్టలేదు, ఫోటో అంచు దాటి పక్కన మంచం పట్టె మీద పెట్టింది. 'నేను ఇక్కడ, తలుపు చాటున. కొత్త కోడల్ని కదా, బయటికి రానివ్వలేదు' అని, అక్కడి నుంచి తనకు కనపడిన వరుసలో తొమ్మిది మంది పేర్లు ఆగకుండా చెప్పింది. అందుకే మీ పెద్దనాయనను ముందు ఆయన గురించే అడగండి. ఆ చాప మీద పిల్లల్లో నువ్వు ఉన్నావా, అప్పటికి ఇంకా పుట్టలేదా, పశువుల గాడి ఏ పక్క ఉండేది, ఎద్దులు ఎన్ని ఉండేవి. సంవత్సరం అడిగితే చెప్పలేరు, కానీ ముంపుకు ఎంత ముందు, ఫలానా అత్త పెళ్లికి ముందా తర్వాతా అంటే చెప్తారు. ఆయన ఒప్పుకుంటే మాటలు ఫోన్లో రికార్డు చేయండి. ప్రింటు మీద ట్రేసింగ్ కాగితం వేసి తలల ఆకారాలు గీసి నంబర్లు రాసుకోండి, పేర్లు ఆ నంబర్లకు రాయండి. అసలు ఫోటో వెనక బాల్‌పెన్ను మాత్రం పెట్టకండి, గీత అచ్చు ముందుకు వస్తుంది.

ఊరు లేదన్నారు. ఊరు మునిగింది కానీ ఊరి లెక్క మునగలేదు, పైగా ముంపు ఊళ్ల లెక్క మామూలు ఊళ్ల కన్నా వివరంగా ఉంటుంది, ఈ మాట చాలామందికి తెలియదు. శ్రీశైలం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు పోయాయి, 1981 ప్రాంతంలో జనాన్ని ఖాళీ చేయించారు. అప్పటి భూసేకరణ 1894 నాటి చట్టం కింద జరిగింది కాబట్టి సర్వే నంబర్లతో నోటిఫికేషన్లు, పరిహారం తేల్చిన అవార్డు పత్రాలు ఉండాలి. పరిహారం కట్టాలంటే భూమి ఒక్కటే కాదు, ఇల్లు, బావి, చెట్లు కూడా ఎవరివో రాయక తప్పదు. కలెక్టరు ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ఊరి పేరుతో పాటు అప్పటి తాలూకా పేరు రాయండి, మండలాలు 1985లో వచ్చాయి కాబట్టి పాత కాగితాలన్నీ తాలూకా పేరు మీదే ఉంటాయి. పరిహారం చాలదని మీవాళ్లు కోర్టుకు వెళ్లి ఉంటే ఇంకా మంచిది. కేసు నడుస్తుండగా పట్టాదారు చనిపోతే భార్యను, కొడుకులను, కూతుళ్లను వారసులుగా చేర్చాలి, అంటే ఒక తరం మొత్తం ఒకే కాగితం మీద దొరుకుతుంది. అంతకు ముందు తరానికి ఆర్‌ఎస్‌ఆర్ అనే పాత భూమి సర్వే రిజిస్టరు చూడాలి, దాన్నే మన పెద్దలు డైగ్లాట్ అంటారు, ఇంగ్లీషు తెలుగు రెండింటిలో ఉంటుంది కాబట్టి ఆ పేరు. సర్వే నంబరు తెలిస్తే అందులో అప్పటి పట్టాదారు పేరు చూడొచ్చు.

కానీ ఈ కాగితాల్లో ఎక్కువగా కనపడేది మగవాళ్లే. ఫోటోలో ఉన్న ఆడవాళ్ల కోసం వాళ్ల పుట్టిళ్లకు వెళ్లాలి. పెళ్లి ఫోటో అయితే రెండు మూడు ప్రింట్లు వేయించి ఒకటి వియ్యాలవారికి ఇచ్చేవారు. మీ జేజి పుట్టినూరు ముంపులో లేకపోతే అదే ఫోటో అక్కడ గోడ మీద, ఎవరు ఎవరో రాసిన చీటీతో సహా వేలాడుతూ ఉండొచ్చు. నేనైతే కలెక్టరు ఆఫీసు కన్నా ముందు అక్కడికే వెళ్తాను.

ప్రశ్న: మా తాతల ఊరి ఫోటో బాగా మసకబారింది. యాప్‌లో పెడితే ముఖాలు స్పష్టంగా, రంగుల్లో వస్తున్నాయి. అది ఫ్రేము కట్టించి, పెద్దవాళ్లకు చూపించి పేర్లు రాసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, తణుకు

జవాబు: గోడకు పెట్టుకోండి, గుర్తుపట్టడానికి మాత్రం వాడొద్దు. మసకగా ఉన్నచోట ఆ యాప్ అసలు ముఖాన్ని బయటికి తీయదు, అలా ఉండొచ్చని ఊహించి కొత్త ముఖం గీస్తుంది. ముక్కు, కళ్లు మారిపోతాయి, మీ నాయనమ్మ ఎవరినో చూసి ఎవరి పేరో చెప్తుంది, ఇంక ఆ తప్పు మీ వంశవృక్షంలో ఉండిపోతుంది. చీర రంగు కూడా ఊహే. మొదట అసలు ఫోటోను 600 డీపీఐలో స్కాన్ చేయించి, ఏమీ మార్చకుండా రెండుచోట్ల దాచండి. ఫోటో చతురస్రంగా ఉందా కూడా చూడండి. అలా ఉంటే 120 ఫిల్ము కెమెరాతో తీసినదై ఉండొచ్చు, 1960లు, 70లలో మన ఇళ్లలో కనిపించిన ఆగ్ఫా క్లిక్ త్రీ అలాంటిదే, ఒక రీలుకు 12 ఫోటోలు వచ్చేవి. అంటే అదే రోజు తీసినవి ఇంకో పదకొండు ఎవరి బీరువాలోనో ఉండొచ్చు.

ప్రశ్న: మేం మాదిగలం. తాత ఊరి దొర దగ్గర జీతం ఉండేవాడు. దొర ఇంటివాళ్ల ఫోటో ఒకటి ఉంది, అందులో ఒక చివర ఎద్దుల పగ్గం పట్టుకుని మా తాత నిలబడి ఉంటాడు. ఆయనవి ఇంకే ఫోటోలూ లేవు. భూమి లేదు, పట్టా లేదు, మా మేనత్త ఒక్కతే ఉంది. మాకు కూడా వంశం దొరుకుతుందా?
— ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: దొరుకుతుంది తమ్ముడూ. ముందుగా ఆ ఫోటో ఎవరి దగ్గర ఉందో వాళ్లను అడిగి మొత్తం ఫోటో స్కాన్ తీసుకోండి, తాతను ఒక్కడినే కత్తిరించుకోవద్దు. ఆ ఇల్లు, ఆ మిగతా మనుషులే ఆ ఫోటో ఏ సంవత్సరందో చెప్పగలరు.

పట్టా లేకపోయినా కాగితం ఉండొచ్చు. 1954-55లో తెలంగాణ ఊళ్ల భూములకు రాసిన ఖాస్రా పహాణీ అనే రికార్డులో పట్టాదారు పేరుతో పాటు నిజంగా సాగు చేస్తున్నవాడి పేరు కూడా రాశారు. మీ తాతో, ఆయన తండ్రో ఎక్కడైనా ఒక చెక్క కౌలుకు చేసి ఉంటే ఆ పేరు అక్కడ ఉండే అవకాశం ఉంది, కొన్ని ఉర్దూలో ఉంటాయి, చదవగలిగిన పెద్దమనిషిని వెంట తీసుకెళ్లండి. మీ నాయన ఏ బడిలో చేరాడో అక్కడి అడ్మిషన్ రిజిస్టరు చూడండి, తండ్రి పేరు, పుట్టిన తేదీ అందులో ఉంటాయి. పాత ఓటర్ల జాబితాలు కూడా చూడొచ్చు కానీ మీ నాయనమ్మ పేరు అందులో లేకపోతే నిరాశ పడకండి. తొలి సాధారణ ఎన్నికలకు జాబితాలు తయారు చేసినప్పుడు సొంత పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని మాత్రమే చెప్పినందుకు దేశం మొత్తం మీద దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్లను తీసేయాల్సి వచ్చింది.

వీటన్నిటి కన్నా మీకు దగ్గర దారి డక్కలివారు. మాదిగల గోత్రాలు, ఇంటిపేర్లు, వంశాలు చెప్పడం, బొమ్మల పటం విప్పి మాదిగల పుట్టుక కథ జాంబపురాణం పాడడం వాళ్ల వృత్తి. మా ఇళ్లకు పిచ్చికుంట్లవారు వచ్చి మా ముత్తాతల పేర్లు చెప్పి వడ్లు తీసుకుపోవడం నేను చిన్నప్పుడు చూశాను, అప్పుడు రాసుకోనందుకు ఇప్పటికీ బాధే. మీ ఊరు ఏ డక్కలి కుటుంబం వాటా కిందికి వచ్చేదో మీ మేనత్తకు తెలిసి ఉండొచ్చు. దానితో పాటు తాత తల్లి పేరు, ఆమె ఏ ఊరి ఆడబిడ్డో కూడా అడగండి, ఆ ఎద్దుల పేర్లూ అడగండి. ఈ ఆదివారమే వెళ్లండి. ఖాస్రా పహాణీ వచ్చే నెలా అక్కడే ఉంటుంది.